ఇసుక గొట్టాల కేసు

తలుపు చప్పుడు వినగానే కాంపౌండరు గుండె జారిపోయింది. ఇందులో కొత్తేమీ లేదు. ఉత్తరాలు తెచ్చే మనిషి తలుపు తట్టినా అతనికి అంతే. ఇరవై ఏళ్ళు ఒక డాక్టరు దగ్గర మందులు కలిపి, ఎక్కడ కొలత తప్పుతుందో, ఎవరి ప్రాణం మీదికి వస్తుందో అని హడలి హడలి చివరికి ఆ పని మానేశాడు. మానేసి ప్రశాంతంగా బతుకుదామని చేరింది ఎక్కడయ్యా అంటే, ప్రైవేటు డిటెక్టివ్ అయిన సొంత పిన్ని దగ్గర. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదే.

పిన్ని అతనికన్నా ఆరేళ్ళే పెద్ద. ఒకప్పుడు ఆహార కల్తీ పట్టుకునే ఇన్‌స్పెక్టరు. వీధి మొదట్లో ఆమె కనిపిస్తే వీధి చివర దుకాణాల తలుపులు వాటంతటవే మూసుకునేవి. ఉద్యోగం వదిలేసినా అందరికీ ఇన్‌స్పెక్టరమ్మే. ఒక్కసారి వాసన చూసి నూనెలో ఏం కలిపారో చెప్పే ఆ ముక్కంటే కాంపౌండరుకి భక్తి. ఆ రోజు మాత్రం ఆ ముక్కు జలుబుతో దిబ్బడేసి, దొండపండులా ఎర్రబడి ఉంది.

లోపలికి వచ్చిన మనిషికి ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండు కాళ్ళకీ రెండు వేరు జతల చెప్పులు వేసుకొచ్చింది. ఆ సంగతి ఆమెకి తెలిసినట్టు లేదు.

"నన్ను దొంగ అంటున్నారండీ," అంది కుర్చీ అంచున కూర్చుని. "ఈ సాయంత్రం నాలుగింటిదాకా టైమిచ్చారు. తీసుకెళ్ళింది తెచ్చివ్వకపోతే పోలీసులకి అప్పగిస్తారట. నాకు తొమ్మిదేళ్ళ పాప ఉందండీ."

"ముందు మంచినీళ్ళు తాగండి. ఏం పని చేస్తారు?"

"బ్యాక్టీరియాని పెంచుతాను."

కాంపౌండరు తన కుర్చీని అంగుళం వెనక్కి జరుపుకున్నాడు.

ఆమె ఊరి చివర ఫ్యాక్టరీలో ల్యాబ్ చూసుకుంటుంది. అందరూ ల్యాబ్ మేడమ్ అంటారు. ఎండిన చొప్ప, గడ్డి, రంపపు పొట్టు లారీల్లో వస్తాయి. వాటిని నానబెట్టి, ఉడికించి, చక్కెర నీళ్ళుగా మారుస్తారు. ఆ చక్కెరని పెద్ద ట్యాంకులో బ్యాక్టీరియా తింటుంది. తిని, బండ్లలో పోసుకునే ఇంధనాన్నీ, రంగుల్లో కలిపే ద్రావకాన్నీ తయారు చేస్తుంది. పదకొండేళ్ళ కిందట కుళ్ళిన గడ్డివామి అడుగున ఆ జాతిని కనిపెట్టింది ఆమే.

"మా పాపకన్నా ముందు పుట్టిందండీ అది," అంది. "దానికి గాలంటే విషం. తగిలితే చచ్చిపోతుంది. కానీ తిండి అయిపోయి ఆకలి మొదలైందంటే, గట్టి పెంకు కట్టుకుని గింజలా నిద్రపోతుంది. అప్పుడు గాలేం చేయలేదు. ఆ గింజల్ని పొడి ఇసకలో కలిపి, చిన్న చిన్న గాజు గొట్టాల్లో పోసి, మైనంతో మూసి దాస్తాం. అదే మా విత్తనం. ఎన్నేళ్ళైనా ఉంటుంది."

"మళ్ళీ నిద్ర లేపాలంటే?"

"వేడినీళ్ళు. దాదాపు మరిగే నీళ్ళలో పది నిమిషాలు. మామూలు క్రిములన్నీ ఆ వేడికి చస్తాయి. ఇవి మాత్రం ఉలిక్కిపడి లేస్తాయి."

"ఇదంతా ఎక్కడైనా రాసి పెట్టారా?"

"నా నోట్‌బుక్‌లో అన్నీ ఉన్నాయండీ." ఆమె ఆగి ఆలోచించింది. "వేడినీళ్ళ మాట మాత్రం రాయలేదనుకుంటా. చేతులు కడుక్కుని వంట మొదలుపెట్టాలని వంటల పుస్తకంలో రాసుకోం కదా. నాకు తెలుసు, ట్యాంకు మేస్త్రీకి తెలుసు. ఇంకెవరికి కావాలి?"

పోయిన నెల ట్యాంకు ఖాళీ చేసి కడిగారు. కొత్తగా మొదలుపెడదామని ఒక గొట్టం తెరిస్తే ఏమీ మొలవలేదు. రెండోదీ అంతే. మూడోదాన్ని యజమాని బయటి ల్యాబ్‌కి పంపించాడు. చూస్తే అదే ఆకారం బ్యాక్టీరియా, కానీ అన్నీ చచ్చినవే. ఒక్క గింజ లేదు. అంటే ఎవరో అసలు గొట్టాలు ఎత్తుకెళ్ళి వాటి స్థానంలో నకిలీవి పెట్టారు. యజమానికి తన నీడ మీద తనకే అనుమానం కాబట్టి బయట ఇంకెక్కడా విత్తనం దాచనివ్వలేదు. ఇప్పుడా గొట్టాలు దొరక్కపోతే ఆ జాతి లోకంలోనే లేనట్టు.

"నాకు వేరే కంపెనీ నుంచి కబురొచ్చిన మాట నిజం. రానన్నాను. ఎవరు నమ్ముతారు? నిన్న గేటు దగ్గర నలభై మంది ముందు యజమాని నన్ను దొంగా అన్నారు. నా నోట్‌బుక్ లాక్కుని మేనేజరుగారికిచ్చారు."

"గొట్టాలు దాచే అలమర తాళం?"

"ఎప్పుడూ నా దగ్గరే. రెండు నెలల కిందట పాపకి జ్వరమొచ్చి నాలుగు రోజులు సెలవు పెట్టాను. అప్పుడు మాత్రం మేస్త్రీకిచ్చాను."

ఇన్‌స్పెక్టరమ్మ ముక్కు చీదుకుని లేచింది. "పదరా. నాలుగింటికి ఇంకా అయిదు గంటల టైముంది."

ఫ్యాక్టరీ ఆవరణలో ఇంటెత్తున గడ్డి మోపులు. ఉడికిన గడ్డి వాసన గాలి నిండా దట్టంగా ఉంది. గేటు దగ్గర పనివాళ్ళు ల్యాబ్ మేడమ్‌ని చూసి మాటలు ఆపేశారు. ఆమె తల దించుకుని నడిచింది. ఆ నాలుగడుగులు నడిచేసరికి కాంపౌండరుకే చెమటలు పట్టాయి, ఇక ఆమె సంగతి చెప్పాలా.

ల్యాబ్‌లో ఇన్‌స్పెక్టరమ్మ మిగిలిన నకిలీ గొట్టాల్లో ఒకటి తీసి, మైనం ఊడదీసి, కాంపౌండరు ముక్కు కింద పెట్టింది.

"నా ముక్కుకి ఇవాళ సెలవు. నువ్వే చెప్పాలి."

"నేనా పిన్నీ? తప్పు చెబితే?"

"చెబితే ఈవిడ జైలుకి పోతుంది. కాబట్టి సరిగ్గా చెప్పు."

ఇలాంటి మాటతో ఎవరికైనా ధైర్యం వస్తుందా? కాంపౌండరు గొట్టం పట్టుకుని మూడుసార్లు వాసన చూశాడు. "పాడైపోయిన వెన్న," అన్నాడు చివరికి. "పసిపిల్లలు కక్కిన పాల వాసన."

ల్యాబ్ మేడమ్ ముఖం మారిపోయింది. "అది మొదటిరోజు వాసనండీ! మొదటిరోజు ట్యాంకులో అంతా పులుపే పుడుతుంది, నురగ పొంగుతుంది. ఇంధనం రెండో రోజు నుంచి. గింజ కట్టడానికి నాలుగో రోజు దాటాలి. మొదటిరోజు తీస్తే అన్నీ పచ్చివే. గాలికి ఆరబెట్టగానే చస్తాయి."

"మీరెప్పుడు తీస్తారు?"

"అన్నిటికన్నా చివర. ఆకలితో పడుకున్నాక."

"దొంగకి అది తెలీదన్నమాట. తన నకిలీ విత్తనం కూడా మొలుస్తుందనే అనుకున్నాడు. మొలిస్తే దొంగతనం ఎప్పటికీ బయటపడేది కాదు." ఇన్‌స్పెక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఒక మాట చెప్పండి. అసలు విత్తనం పది నిమిషాలకన్నా ఎక్కువ మరిగితే?"

"పావుగంట దాకా ఓర్చుకుంటాయి. ఆ పైన చెప్పలేనండీ."

ఇద్దరూ కిటికీ దగ్గరికెళ్ళి ఏదో గుసగుసలాడుకున్నారు. ల్యాబ్ మేడమ్ కళ్ళు మూసుకుని కాసేపు నిలబడి, తర్వాత తల ఊపింది. కాంపౌండరుకి ఒక్క ముక్క వినపడలేదు.

ట్యాంకు మేస్త్రీకి అరవై ఏళ్ళు. నిలువెత్తు మనిషి, చేతులకి కాలిన మచ్చలు. అంతకుముందు సారాయి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు చేశాడు.

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చారా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

"లేదమ్మా. ఇంటికి తీసుకెళ్తే ఎక్కడ పోగొడతానోనని, షిఫ్ట్ దిగేటప్పుడు మేనేజరుగారి గదిలో మేకుకి తగిలించి వెళ్ళేవాణ్ణి."

"సారాయి ఫ్యాక్టరీలో విత్తనం ఎప్పుడు తీసేవాళ్ళు?"

"అక్కడ ఈస్టు కదమ్మా. నురగ పొంగు మీదున్నప్పుడే తోడు తీసి దాచేవాళ్ళం. ఆరబెట్టినా మళ్ళీ లేస్తుంది. ఇక్కడ అలా కుదరదని అమ్మాయిగారు నేర్పారు."

బయటికి రాగానే కాంపౌండరు పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. "పిన్నీ, ఈయనే! పొంగు మీద తీసే అలవాటు, చేతిలో తాళంచెవి. ఇంకేం కావాలి?"

"నేర్పారని చెప్పాడుగా."

"దొంగ ఎన్నయినా చెబుతాడు!"

"అందుకే నేనెవరి మాటా నమ్మను," అని మేనేజరు గదివైపు నడిచింది.

మేనేజరు యజమాని భార్యకి తమ్ముడు. ఎదురుగా సార్ అన్నా, ఆయన అటు తిరగ్గానే ఫ్యాక్టరీ మొత్తం 'బావమరిదిగారు' అనే అంటుంది. పన్నెండేళ్ళుగా అక్కడే ఉన్నా ఆయన తలుపు మీద హోదా రాసిన పలక కూడా లేదు. గదిలో ఒక మూల టీ సరంజామా, ఎలక్ట్రిక్ కెటిల్. గోడ మీద పాత ఫోటోలో ఆయనా, ఆయన తండ్రీ పిండి అంటిన చేతులతో ఒక పెద్ద పొయ్యి ముందు నిలబడి ఉన్నారు.

"రండి రండి, టీ తీసుకోండి," అంటూ బ్రెడ్డు పళ్ళెం ముందుకి జరిపాడు. జరుపుతూనే ఒక ముక్కని వేలితో నొక్కి మొహం చిట్లించాడు. "సారీ అండీ, పూర్తిగా పొంగకముందే కాల్చేశారు. ఈ రోజుల్లో ఎవడికీ ఓపిక లేదు."

బల్ల మీద ల్యాబ్ మేడమ్ నోట్‌బుక్ తెరిచి ఉంది. పేజీల మధ్య కాగితం ముక్కలు గుర్తులుగా పెట్టి ఉన్నాయి.

"బాగా చదువుతున్నట్టున్నారు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"సాక్ష్యం కదండీ. ఆవిడంటే నాకూ జాలే. కానీ ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు." ఆయన ముందుకి వంగాడు. "గొట్టం తెరిచాక ముందుగా ఏం చేస్తారో ఆవిడ మీకేమైనా చెప్పారా?"

"మాకా గొడవంతా అర్థమవుతుందాండీ?" అంటూ ఇన్‌స్పెక్టరమ్మ గట్టిగా తుమ్మింది.

మూడున్నరకి యజమాని గదిలో అందరూ చేరారు. యజమాని చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. మేస్త్రీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మేనేజరు బావ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ల్యాబ్ మేడమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది.

"అసలు గొట్టాలు ఈ ఆవరణలోనే ఉన్నాయి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "నాలుగింటికి పోలీసులొచ్చి గది గదీ వెతుకుతారు. ఇసక ఎక్కడ పారబోసినా లాభం లేదు. అందులో ప్రాణమున్న గింజ ఒక్కటి దొరికితే చాలు, మేడమ్ దాన్ని పెంచి, ఇదే నాదని నిరూపిస్తుంది. చచ్చిన ఇసక అయితే ఎవరూ ఏమీ నిరూపించలేరు. సరే, నాకు తల పగిలిపోతోంది. ఈలోగా పావుగంట ఎవరి టీ వాళ్ళు తాగి రండి."

కాంపౌండరు నిర్ఘాంతపోయాడు. దొంగకి దారి చూపించి మరీ వదిలేసిందేమిటి పిన్ని? జలుబు బుర్రకెక్కిందా? అందరూ బయటికి వెళ్ళగానే ఆమె అతని చెవి దగ్గర అంది: "మేనేజరు గది బయట నిలబడు. కెటిల్ మరిగిన చప్పుడు మొదలైనప్పటి నుంచి పది నిమిషాలు చూసుకుని తలుపు కొట్టు. నా జలుబుకి వేడినీళ్ళడుగు. లేవంటే నమ్మకు. ఆ కెటిల్ లేకుండా తిరిగి రాకు."

అతను వరండాలో నిలబడ్డాడు. మూసిన తలుపు వెనక గాజు గలగలలాడింది. తర్వాత నీళ్ళ గరగర మొదలైంది. గడియారం ముల్లు నత్తలా నడిచింది. కెటిల్ టక్కుమని ఆగినప్పుడల్లా లోపల ఎవరో మళ్ళీ నొక్కుతున్నారు. పది నిమిషాలయ్యాయి. కాంపౌండరు చెయ్యి ఎత్తాడు, దించాడు. ఆ మనిషి తిరగబడితే? మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. చివరికి కళ్ళు మూసుకుని తలుపు బాదాడు.

తలుపు సగం తెరుచుకుంది.

"మా పిన్నికి జలుబండీ. కాస్త వేడినీళ్ళిస్తారా?"

"లేవు, అయిపోయాయి."

"మరుగుతున్నాయి కదండీ, వినిపిస్తోంది."

"అది... కెటిల్ కడుగుతున్నా."

"కడిగిన నీళ్ళైనా పర్లేదండీ, ఆవిరి పట్టడానికే!" అంటూ కాంపౌండరు మేనేజరు చంక కింద నుంచి దూరి, కెటిల్ అందుకుని పరుగో పరుగు. ఆయన కేకలు వేస్తూ వెంటపడ్డాడు. మూతి దగ్గర వేళ్ళు కాలుతున్నా అతను వదల్లేదు. జన్మలో మొదటిసారి అతను ఒక మనిషి నుంచి ఏదో లాక్కుని పారిపోతున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ యజమాని ముందు కెటిల్ మూత తీసింది. అడుగున రెండు వేళ్ళ మందం ఇసుక.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది," అంది. "దొంగ ట్యాంకు పొంగు మీదున్నప్పుడు నకిలీ విత్తనం తీశాడు. అది ఈస్టు వాడేవాళ్ళ అలవాటు. అలాంటివాళ్ళు ఇక్కడ ఇద్దరు. సారాయి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మేస్త్రీ, రొట్టెల బేకరీ నుంచి వచ్చిన మీ బావమరిది. వేలితో నొక్కి బ్రెడ్డు ఎంత పొంగిందో చెప్పే మనిషి ఆయన. తాళంచెవి ఆ నాలుగు రోజులూ ఆయన గది మేకుకే వేలాడింది."

"మరి మేస్త్రీ ఎందుకు కాకూడదు?" అన్నాడు యజమాని.

"ఈ గింజలు వేడినీళ్ళకి చావవని మేస్త్రీకి తెలుసు. చంపాలనుకుంటే ఆయన ఇంకేదైనా చేస్తాడు కానీ మరగబెట్టడు. ఆ ఒక్క సంగతీ నోట్‌బుక్‌లో లేదు. నోట్‌బుక్ చదివి నేర్చుకున్నవాడే ఈ పని చేస్తాడు."

యజమాని తిరిగి చూశాడు. "ఏంట్రా ఇది?"

మేనేజరు గోడకి జారగిలపడ్డాడు. "పన్నెండేళ్ళు, బావా," అన్నాడు. "ఇక్కడ నేను నీ బావమరిదిని. అంతే. ఆ వేరే కంపెనీవాళ్ళు నన్ను డైరెక్టరుగారూ అన్నారు. మూడు గొట్టాలు తీసుకెళ్ళిచ్చాను. గోరువెచ్చటి చక్కెర నీళ్ళలో వేశారు. లేవలేదు. నకిలీ సరుకు తెచ్చావని బయటికి పంపేశారు. ఈవిడ ఏం చేసి లేపుతుందో తెలుసుకుందామని ఆ పుస్తకం..." మాట పూర్తికాలేదు. "ఇప్పుడు అన్నిటినీ చంపేశాను."

"చంపలేదు బాబూ," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "లేపావు."

ల్యాబ్ మేడమ్ అప్పటికే కెటిల్‌ని రెండు చేతులా పట్టుకుని ఉంది. "ఎంతసేపు మరిగింది?" అని అడిగింది కాంపౌండరుని.

అతను గడియారం చూసుకున్నాడు. "పది చూసుకున్నానమ్మా. తర్వాత... తలుపు కొట్టడానికి భయమేసింది. ఇంకో నాలుగు. అయిదేమో."

ఆమె కెటిల్‌తో పరుగున ల్యాబ్‌కి వెళ్ళింది. మేస్త్రీ ముందు పరిగెత్తి తలుపులు తెరిచాడు.

నాలుగింటికి వచ్చిన పోలీసులు మేనేజరుని తీసుకెళ్ళారు. కాంపౌండరుకి మాత్రం ఊరట లేదు. దొంగ కాదని తేలినంత మాత్రాన ఏమయింది? ఆమె పదకొండేళ్ళ కష్టం తన పిరికితనం వల్ల ఉడికిపోయి ఉంటే? ఇంటికెళ్ళినా ముద్ద దిగలేదు.

"అయిదు నిమిషాలు పిన్నీ," అన్నాడు.

"తెలుసురా. మరగనిద్దామని నేనే ఆవిడని అడిగాను. సరేనంది. నాకూ భయంగానే ఉంది." పిన్ని భయమంటే వినడం అతనికి అదే మొదలు. దాంతో అతని భయం రెట్టింపయింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ల్యాబ్‌కి వెళ్ళారు. కెటిల్‌లోని ఇసుక వేసి, గాలి చొరకుండా బిగించిన సీసాలో చక్కెర నీళ్ళు ముందురోజులాగే తేటగా ఉన్నాయి. ల్యాబ్ మేడమ్ రాత్రి ఇంటికి వెళ్ళినట్టు లేదు. యజమాని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. తొమ్మిదయింది. తొమ్మిదిన్నర అయింది.

"అయిపోయిందమ్మా," అన్నాడు యజమాని నెమ్మదిగా. "ఇక వదిలెయ్."

"ఆగండి," అన్నాడు మేస్త్రీ.

సీసా అడుగున ఇసుక పక్కన నీళ్ళు కొంచెం మసకబారాయి. కాంపౌండరు తన కళ్ళే మసకబారాయనుకున్నాడు. ఇసుకలోంచి ఆవగింజంత బుడగ ఒకటి ఊగుతూ పైకి వచ్చి పగిలింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత గొలుసులా వరసగా బుడగలు.

నిన్నటి నుంచి చుక్క కన్నీరు రాల్చని ల్యాబ్ మేడమ్ సీసాని ఒళ్ళోకి తీసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాంపౌండరు కూడా సిగ్గులేకుండా ఏడ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ ముక్కు తుడుచుకుంది. అది జలుబో కాదో చెప్పలేం.

యజమాని ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. "బతికించావమ్మా! ఏదీ, ఇలా ఇవ్వు. ముందు ట్యాంకుకి ఎక్కిద్దాం," అంటూ రెండు చేతులూ చాపాడు.

ఆమె ఇవ్వలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని లేచి నిలబడింది.

"గేటు దగ్గర నలభై మంది ముందు నన్ను దొంగా అన్నారు సార్," అంది. "ఇదీ అక్కడే ఇస్తాను."

యజమాని చాపిన చేతులు గాలిలోనే ఉండిపోయాయి. మేస్త్రీ తలుపు తెరిచి పట్టుకున్నాడు. యజమాని ముందు నడిచాడు, ఆమె సీసా గుండెకి హత్తుకుని వెనక నడిచింది. గేటు దగ్గర పనివాళ్ళు చేతుల్లో మోపులు దించి చుట్టూ చేరారు. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి అన్నది ముందు వరసకే వినిపించింది. ఆమె కదల్లేదు. ఆయన మళ్ళీ గట్టిగా, నలభై మందికీ వినపడేలా అన్నాడు: "ఈవిడ దొంగ కాదు. తప్పు నాది."

అప్పుడు ఆమె సీసా ఆయన చేతికిచ్చింది.